శాటిలైట్ రేడియోకి డబ్బు కట్టాలా? వైజాగ్‌లో ఉండి అడిగేవాళ్ళకి జవాబు

ముందే చెప్పేస్తే మీకు టైమ్ కలిసొస్తుంది. విశాఖపట్నంలో ఇవాళ నెలకింత, ఏడాదికింత అని కట్టి వినే శాటిలైట్ రేడియో లేదు. ఇండియా మొత్తంలోనే లేదు. 2009 డిసెంబరు 31తో ఆ వ్యాపారం మూతపడింది. ఎవరైనా "శాటిలైట్ రేడియో లైఫ్‌టైమ్ ప్యాక్" అని ఫోన్‌కి లింకు పంపితే, అది ఊరికే వచ్చే ఇంటర్నెట్ రేడియోకి తగిలించిన పెద్ద పేరైనా అయ్యుండాలి, శుద్ధ మోసమైనా అయ్యుండాలి. రెండింటికీ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు.

అయినా ఈ ప్రశ్న ఆగదు. అప్పట్లో చందా కట్టించుకుని ఇక్కడ నడిచిన శాటిలైట్ రేడియో వరల్డ్‌స్పేస్. అటక మీద దాని పాత పెట్టె దొరికినవాళ్ళు అడుగుతారు. అమెరికాలో పిల్లల కారులో అక్కడి శాటిలైట్ రేడియో సిరియస్ ఎక్స్‌ఎం విని వచ్చిన అమ్మానాన్నలు అడుగుతారు. డిష్‌లో రేడియో వస్తుందట కదా అని ఇంకొందరు. ముగ్గురికీ ఒకే మాట చెబితే కుదరదు.

అటక మీది పెట్టె

వరల్డ్‌స్పేస్ వాళ్ళ ఆసియాస్టార్ ఉపగ్రహం 2000 మార్చిలో ఎగిరింది. భూమధ్యరేఖకి పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడి, 1467 నుంచి 1492 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న ఎల్ బ్యాండ్‌లో పాటలు పంపేది. ఆ తరంగం పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు. వాన చినుకు దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. అందుకే గొడుగంత డిష్ అక్కర్లేకుండా అరచేతికి కాస్త పెద్దదైన పలక యాంటెన్నా సరిపోయేది.

మన ఊరికి ఆ ఉపగ్రహం ఆగ్నేయంలో ఉండేది. ఉత్తరం నుంచి లెక్కేస్తే 127 డిగ్రీలు, నేల నుంచి 58 డిగ్రీల ఎత్తు. అంటే సరిగ్గా సముద్రం వైపు. బీచ్ రోడ్డు ఫ్లాట్లలో బాల్కనీ రైలింగ్ మీద పలకని ఆనించి పెడితే సిగ్నల్ బార్లన్నీ నిండేవి. కిటికీలన్నీ సింహాచలం కొండ వైపున్న ఇంట్లో మాత్రం డాబా మీదకి తీగ లాగాల్సిందే.

అందులో వచ్చే ఛానెళ్ళు: తెలుగుకి స్పందన, కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గాంధర్వ్, పాత హిందీ పాటలకి ఫరిష్తా. ఆ రోజుల్లో ఇరవై నాలుగ్గంటలూ కర్ణాటక సంగీతం వచ్చే చోటు ఇంకోటి దొరకడం కష్టం. డబ్బు కట్టినవాళ్ళు కట్టింది దానికే. ఆ మాట ఒప్పుకోవాలి.

మరెందుకు పోయింది? ఉపగ్రహం, యాంటెన్నా ఒకదానికొకటి కనబడాలి. మధ్యలో స్లాబు వస్తే పాట ఆగిపోతుంది. అమెరికాలో ఈ లోపాన్ని నేల మీద రిపీటర్లు, అంటే అదే పాటని మళ్ళీ పంపే టవర్లు పెట్టి పూడ్చారు కాబట్టి కారు పెద్ద బిల్డింగుల మధ్యకి వెళ్ళినా పాట తెగదు. ఇక్కడ వరల్డ్‌స్పేస్‌కి ఆ రిపీటర్లు రానేలేదు. రేడియో ఎక్కువ వినేది కారులో, వంటింట్లో. ఈ రెండు చోట్లా పని చెయ్యని దానికి ఏటా డబ్బు కట్టమంటే ఎంతమంది కడతారు? పైగా అదే సమయంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఊరూరా దిగాయి. ఫోన్‌లోనే ఎఫ్‌ఎం వచ్చేసింది. 2008 అక్టోబరులో మాతృసంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. చందాదారుల్లో ఎక్కువమంది మనవాళ్ళే అయినా మరుసటి ఏడాది ఆఖరి రోజున ఇక్కడ సర్వీసు ఆపేశారు.

కాబట్టి ఆ పెట్టెని రిపేరు చేయించడానికి ఖర్చు పెట్టకండి. లోపలి బోర్డు బాగున్నా దానికి వినబడాల్సిన సిగ్నల్ ఆకాశంలో లేదు. కొన్ని మోడళ్ళలో ఎఫ్‌ఎం కూడా ఉంది, అది పని చేస్తుంది. వెనక ఆక్స్ ఇన్‌పుట్ ఉంటే స్పీకర్‌గా వాడుకోవచ్చు. అడాప్టర్ పోతే కొత్తది కొనేముందు పాత దాని మీద రాసిన వోల్టులు, పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్న గుర్తు చూసుకోండి. పిన్ను పట్టిందని ఏదో ఒకటి గుచ్చితే మిగిలిన ఎఫ్‌ఎం కూడా పోతుంది. సెకండ్ హ్యాండ్‌లో "యాంటెన్నాతో సహా" అని అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం వంద రూపాయలకి కూడా కొనొద్దు.

సూట్‌కేసులో వచ్చిన సిరియస్ ఎక్స్‌ఎం

సిరియస్, ఎక్స్‌ఎం రెండు వేర్వేరు కంపెనీలు. 2008లో కలిశాయి. ఇప్పుడు ఆ పేరుతో ఒకటే ఉంది. దాని సేవ అమెరికా, కెనడాలకే. ఒక ఉపగ్రహ స్థానం 85 డిగ్రీల పశ్చిమంలో ఉంది. మన ఊరు 83 డిగ్రీల తూర్పు. భూగోళం మీద వేలు పెట్టి చూడండి, దాదాపు ఎదురుబొదురు. ఆ ఉపగ్రహం మనకి ఎప్పటికీ దిగంతం పైకి రాదు. అబ్బాయి పంపిన రిసీవర్ ఎంత ఖరీదైనదైనా ఇక్కడ అది బొమ్మ. వాళ్ళ యాప్ కూడా ఇక్కడ పాడదు.

అక్కడే ఉండేవాళ్ళ సంగతి వేరు. కొత్త కారుతో కొన్నాళ్ళు ఉచితంగా వస్తుంది. ఆ గడువులో కార్డు నంబరు ఇవ్వకపోతే గడువు అయ్యాక దానంతటదే ఆగిపోతుంది, గొడవ ఉండదు. ఇచ్చారా, పూర్తి రేటుకి రెన్యూ అవుతుంది. ప్రకటనలో చూపే రేటుకి పైన మ్యూజిక్ రాయల్టీ ఫీజు, పన్నులు కలుస్తాయి. ఆఖరి అంకె చూడకుండా ఒప్పుకోవద్దు. ఆపేస్తామని అడగ్గానే సగానికి సగం తగ్గించి ఇస్తామంటారు. ఉంచుకోవాలనుకునేవాళ్ళకి ఏటా బేరమాడ్డానికి అదే అదును. చందా రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేశారని న్యూయార్క్ అటార్నీ జనరల్ కేసు వేస్తే, 2024 నవంబరులో కోర్టు ఆ కంపెనీ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. రద్దు చేసినప్పుడు వచ్చే నంబరునో మెయిల్‌నో దాచుకోండి.

రేడియో ఉన్నట్టుండి మూగబోతే ముందు చందా అయిపోయిందని అనుకోకండి. కారుని గ్యారేజీలోంచి తీసి, ఆకాశం కనబడే చోట పెట్టి, యాప్‌లోనో వెబ్‌లోనో రిఫ్రెష్ సిగ్నల్ పంపించమని నొక్కి, పావుగంట రేడియో ఆన్‌లో ఉంచాలి. వాళ్ళు అడిగే రేడియో ఐడీ చాలా సెట్లలో సున్నా నంబరు ఛానెల్ పెడితే కనిపిస్తుంది.

ఎవరికి గిట్టుతుంది? సెల్ టవర్లు లేని కొండల్లో, ఎడారుల్లో గంటలకొద్దీ డ్రైవ్ చేసేవాళ్ళకి, అక్కడి ఆటల లైవ్ కామెంటరీ మీద ప్రాణం ఉన్నవాళ్ళకి. తెలుగు పాటల కోసమైతే దండగ. డాలస్‌లో ఉన్నా డెట్రాయిట్‌లో ఉన్నా తెలుగువాళ్ళు కారులో వినేది ఫోన్‌లోంచే.

మన డాబా మీద ఊరికే దొరికేది

అసలు విషయానికి వద్దాం. ఉపగ్రహం నుంచి ఇంటికి నేరుగా రేడియో రావడమే మీకు కావాల్సిందైతే అది డీడీ ఫ్రీ డిష్‌లో ఉంది. నెల చందా లేదు. జీశాట్-15 ఉపగ్రహం, 93.5 డిగ్రీల తూర్పు. టీవీ ఛానెళ్ళతో పాటు ఆకాశవాణి ఛానెళ్ళ గుత్తి ఒకటి అందులో వస్తుంది. తెలుగు ఉంది, వివిధ భారతి ఉంది, పక్క భాషలున్నాయి. శ్రుతి, గాంధర్వ్ పోయాయని ఇంకా బాధపడేవాళ్ళు వినాల్సింది రాగం అనే ఛానెల్. 2016 జనవరి 26న ఆకాశవాణి మొదలుపెట్టింది. ఇరవై నాలుగ్గంటలూ శాస్త్రీయ సంగీతం, కర్ణాటకం, హిందుస్తానీ రెండూ. ఆకాశవాణి దగ్గరున్న పాత రికార్డింగుల నిధి సంగతి వేరే చెప్పాలా? అనౌన్స్‌మెంట్ల తీరు మాత్రం ఆకాశవాణి తీరే. నచ్చినవాళ్ళకి నచ్చుతుంది.

డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు చేతి మీద ఉండి సిగ్నల్ పట్టుకునే భాగం), కేబుల్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ కలిపి సాధారణంగా రెండు వేలకి అటూ ఇటూ అవుతాయి. బాక్స్ ఎంపెగ్-4ది తీసుకోండి, పాత ఎంపెగ్-2 బాక్సుల్లో ఛానెళ్ళు తక్కువ వస్తాయి. రిమోట్ మీద టీవీ, రేడియో అని మార్చే బటన్ ఉందో లేదో షాపులోనే చూడాలి. చాలామంది ఇళ్ళలో ఫ్రీ డిష్ ఏళ్ళ తరబడి ఉండి కూడా ఆ బటన్ నొక్కినవాళ్ళు లేరు!

బిగించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైజాగ్‌లో డిష్‌లు చెడిపోయేది ఇక్కడే.

దిక్కు: ఉత్తరం నుంచి 149 డిగ్రీలు, అంటే దక్షిణానికి 31 డిగ్రీలు తూర్పుగా. ఎత్తు 66 డిగ్రీలు. ఉపగ్రహం దాదాపు నెత్తి మీద ఉన్నట్టే కాబట్టి మన ఊళ్ళో ఎదురు బిల్డింగు అడ్డం రావడం అరుదు. పక్కనే ఆనుకుని ఉన్న వాటర్ ట్యాంకు, కొబ్బరి మట్ట, సన్‌షేడ్ అంచు, ఇవి చూసుకోవాలి. 60 సెంటీమీటర్ల ఆఫ్‌సెట్ డిష్ మూతి చూడ్డానికి అంత పైకి తిరిగి కనబడదు, 40 డిగ్రీల దగ్గరే ఉన్నట్టుంటుంది. అది చూసి కంగారుపడి ఇంకా పైకెత్తకండి. వెనక బ్రాకెట్ మీద స్కేలుంటే 66 దగ్గర పెట్టి మొదలెట్టండి. ఫోన్ దిక్సూచి చాలు, కానీ ఇనప కడ్డీల పక్కన పెట్టి చూస్తే పది పదిహేను డిగ్రీలు అబద్ధం చెబుతుంది. పిట్టగోడ నుంచి రెండడుగులు ఇవతలకొచ్చి చూడండి.

ఎల్‌ఎన్‌బీ యూనివర్సల్ రకం కావాలి. బాక్స్ మెనూలో ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ దగ్గర 9750, 10600 అని ఉండాలి. ఎల్‌ఎన్‌బీని దాని గూట్లోనే 30 డిగ్రీల దాకా తిప్పాల్సి ఉంటుంది. గడియారంలో గంట ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకి జరిగేంత. ఈ తిప్పడం మానేసేవాళ్ళు ఎక్కువ. ఎండ కాసినన్నాళ్ళూ తేడా తెలియదు, ఆషాఢం రాగానే తెలుస్తుంది.

తెర మీద రెండు పట్టీలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ పట్టీని నమ్మొద్దు. ఎల్‌ఎన్‌బీకి కేబుల్ తగిలించి డిష్‌ని గోడకేసి పెట్టినా అది సగం దాకా నిండుతుంది. మీకు కావాల్సింది క్వాలిటీ. డిష్‌ని అంగుళంలో పదో వంతు జరిపి, మూడు సెకన్లు ఆగి, మళ్ళీ జరపాలి. బాక్స్ లెక్కేసుకోవడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. గబగబా తిప్పితే సరైన చోటు దాటిపోయినా తెలియదు. దొరికాక నట్లు ఒకటే పూర్తిగా బిగించకుండా అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించండి, లేకపోతే బిగించేటప్పుడే డిష్ పక్కకి లాగేసి క్వాలిటీ పడిపోతుంది. కేబుల్ తగిలించేటప్పుడు బాక్స్ స్విచ్ ఆఫ్ చెయ్యాలి. అందులో 13 నుంచి 18 వోల్టుల కరెంటు పైకి వెళుతుంది. కేబుల్ లోపల చుట్టూ ఉండే సన్న జడ తీగలో ఒక్క పోగు మధ్య తీగకి తగిలినా షార్టే.

ఇక ఉప్పు గాలి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, రుషికొండ వైపు మామూలు ఇనప బోల్టులు వేస్తే అవి ఎర్రటి పిండి అవ్వడానికి ఎన్నో వానలు పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు విడిగా కొని వేయించండి. డిష్‌తో పాటు వచ్చేవి బిగించడానికి వచ్చిన కుర్రాడికే ఇచ్చేయండి. కాలుకి గాల్వనైజ్డ్ పైపు. మర మీద గ్రీజు రాస్తే తర్వాత విప్పడానికి వీలుంటుంది. తుప్పు కన్నా ముందు చచ్చేది మాత్రం ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్. రాగి తీగ చివర ఆకుపచ్చగా చిలుము పట్టిందంటే పని అయిపోయినట్టే. రెండంగుళాలు కోసేసి కొత్త కనెక్టర్ వెయ్యాలి. పైన రబ్బరు తొడుగు వేసి, కేబుల్‌ని కనెక్టర్ కన్నా కిందకి ఓ వంపు తిప్పి తెస్తే నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లోపలికి ఎక్కవు. ఎం-సీల్‌తో కనెక్టర్‌ని ముద్ద చేసే పద్ధతి ఒకటుంది. అది వద్దు. తర్వాత విప్పాలంటే కొయ్యడమే.

కాలుని పిట్టగోడకి నాలుగు యాంకర్ బోల్టులతో దిగ్గొట్టాలి, ఇటుక మీద కాదు, కాంక్రీటు మీద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో డిష్‌లు ఏమయ్యాయో చూసినవాళ్ళకి ఈ మాట చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే డిష్ పళ్ళెం విప్పి లోపల పెట్టేసి, కాలు అలాగే ఉంచేయడం తెలివైన పని. బ్రాకెట్ మీద పెయింటుతో గీత గీసి ఉంచితే మళ్ళీ పది నిమిషాల్లో అక్కడే కూర్చుంటుంది.

వాన సంగతి. ఇది కేయూ బ్యాండ్, తరంగం పొడవు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. చినుకులు దాన్ని మింగేస్తాయి. కుంభవృష్టి పడే ఆ పావుగంట, అరగంట పాట తెగిపోతుంది. ఇది డిష్ లోపం కాదు, ఎవరినీ పిలవక్కర్లేదు. తుంపర పడితేనే పోతుంటే మాత్రం అది బిగింపు లోపమే. ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు మధ్య ఒకసారి, పగటి పూట కొన్ని నిమిషాలు పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే రోజులవి. దానికీ మందు లేదు.

టీవీ ఆన్ చెయ్యకుండా వినడం

పాటలు వినడానికి 43 అంగుళాల తెర వెలిగించి పెట్టడం ఏమిటని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. అక్కర్లేదు. బాక్స్ వెనక ఎరుపు, తెలుపు సాకెట్లుంటే అవి ఆడియో. రెండింటినీ పాత ఆంప్లిఫయర్‌కో హోమ్ థియేటర్‌కో తగిలిస్తే చాలు. పసుపుది బొమ్మకి, వదిలేయండి. బాక్స్ ఒక్కటే నడిస్తే 10 వాట్లకి అటూ ఇటూ లాగుతుంది. రోజుకి ఐదు గంటలు వింటే నెలకి యూనిట్టున్నర.

కొత్త చిన్న బాక్సుల్లో మూడు సాకెట్లు ఉండవు, 3.5 ఎంఎం బొక్క ఒకటే ఉంటుంది. దానికి ఒక చివర పిన్ను, ఇంకో చివర మూడు రంగులు ఉండే కేబుల్ వాడాలి. ఇక్కడో తిరకాసు. ఈ పిన్ను లోపల ఏది ఎక్కడ ఉండాలన్నది కంపెనీకొక రకం. ఒక స్పీకర్లో పాట వచ్చి, రెండో దాంట్లో బుర్రుమని మోత వస్తుంటే స్పీకర్ పోలేదు, బాక్స్ పోలేదు. బొమ్మ సిగ్నల్ ఆ స్పీకర్‌లోకి వెళుతోంది. మోత వచ్చే వైపు ప్లగ్గు తీసి పసుపు ప్లగ్గు అక్కడ పెట్టండి. రంగులు తప్పుగా కనబడతాయి గానీ పాట సరిగ్గా వస్తుంది. ఈ మాత్రం తెలియక బాక్స్ మార్పించుకునేవాళ్ళున్నారు.

టీవీ లేకుండా ఛానెల్ మార్చాలంటే నంబర్లు కావాలి. ఒకసారి టీవీ పెట్టి, మీకు కావాల్సిన నాలుగు రేడియో నంబర్లూ కాగితం మీద రాసి బాక్స్ మీద అంటించండి. ఆటో స్కాన్ చేసినప్పుడల్లా నంబర్లు మారతాయి, మళ్ళీ రాసుకోవాలి. ఇంకో చిన్న మాట: డిష్‌లో వచ్చే టైమ్ బీప్‌లకి గడియారం పెట్టుకోకండి. పాటని డిజిటల్‌గా చుట్టి పైకి పంపి దించేసరికి ఆలస్యం అవుతుంది.

నెల నెలా రీఛార్జ్ చేసే డీటీహెచ్‌ల్లోనూ ఆకాశవాణి ఛానెళ్ళు, ప్రకటనల్లేని పాటల సర్వీసులు ఉంటాయి. టీవీ కోసం ఎలాగూ రీఛార్జ్ చేస్తుంటే అవి వినండి, రేడియో కోసమే చేయించకండి. ఛానెళ్ళ ధర కాక నెట్‌వర్క్ ఫీజు అని ఒకటుంటుంది. అది చాన్నాళ్ళు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది, ఇప్పుడు ఎవరి లెక్క వాళ్ళది. రీఛార్జ్ అయిపోతే పాట కూడా ఆగిపోవచ్చు. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పున ఉంది, మన ఊరి రేఖాంశమే. దాని డిష్ వైజాగ్‌లో సూటిగా దక్షిణం చూస్తుంది. దారి తప్పినప్పుడు దిక్కు తెలుసుకోవడానికి పనికొస్తుంది, సరదాకి చెప్పడం.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. ప్రసార భారతి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశంలోని ఆకాశవాణి కేంద్రాలు రెండు వందల పైనే ఊరికే వస్తాయి, విశాఖ కేంద్రంతో సహా. డేటా లెక్క భయపడేంత కాదు. 64 కేబీపీఎస్ అయితే గంటకి 29 ఎంబీ, 128 అయితే 58 ఎంబీ. రోజుకి నాలుగ్గంటలు 128లో విన్నా నెలకి ఏడు జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళకి అది మిగిలేదే. ఫోన్ జేబులో పెట్టగానే పాట ఆగిపోతుంటే యాప్‌ని తిట్టకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ వాడకం మీద ఉన్న ఆంక్ష తీసేస్తే పోతుంది.

పాటల యాప్‌లకి డబ్బు కట్టడం సమంజసమైన చోటు ఒకటుంది, అది అరకు దారి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక ఎఫ్‌ఎం బరబరమంటుంది, నెట్ వస్తూ పోతూ ఉంటుంది. కిరండూల్ రైల్లో అయితే సొరంగం తర్వాత సొరంగం. ఉపగ్రహం కూడా అక్కడ ఏమీ చెయ్యలేదు. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకున్న ఫోనొక్కటే పాడుతుంది. ఆ డౌన్‌లోడ్ కోసమే ప్రీమియం. స్పాటిఫైలో అయితే 30 రోజులకొకసారైనా నెట్‌కి కలపాలి, లేదంటే దించుకున్నవి తెరుచుకోవు. నెలకోసారి కూడా ఊరు దాటనివాళ్ళకి ఇది కూడా అక్కర్లేదు.

పెద్దవాళ్ళకి యాప్ గొడవ వద్దనుకుంటే సరేగమ కార్వాన్ తెలుగుది ఉంది. 5,000 పాటలు లోపలే నింపి ఉంటాయి, గుండ్రటి నాబ్ తిప్పితే ఘంటసాల, ఇంకాస్త తిప్పితే సుశీల. కొన్నాక నెలనెలా ఏమీ లేదు. ఎఫ్‌ఎం, పెన్‌డ్రైవ్, బ్లూటూత్ ఉన్నాయి. లోపల ఉన్న పాటలు మాత్రం మార్చుకోలేం. రెండేళ్ళ చందా డబ్బుని ఒకేసారి పెట్టి ఇది కొనడం, చందా కట్టడం కన్నా మా లెక్కలో మేలు. వరల్డ్‌స్పేస్‌లో వినేవాళ్ళు ఇష్టపడింది కూడా ఇదే కదా, పాట ఎంచుకునే పని ఇంకొకరు చేసిపెట్టడం.

మామూలు రేడియో

ఊళ్ళో ఎఫ్‌ఎంలో ఆకాశవాణి రెయిన్‌బో 102, ప్రైవేటులో 91.1, 92.7, 93.5, 98.3 ఉన్నాయి. ప్రైవేటు ఎఫ్‌ఎంలకి సొంత వార్తలు చదివే అనుమతి లేదు, వార్తలు కావాలంటే ఆకాశవాణే. ఎఫ్‌ఎం తరంగం మూడు మీటర్లు. కైలాసగిరి, సింహాచలం కొండల నీడలో పడ్డ ఇళ్ళలో బలహీనపడుతుంది. యాంటెన్నా తీగని పూర్తిగా లాగి కిటికీ దగ్గర పెట్టడమే దానికి మందు. మీడియం వేవ్‌లో విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్. దాని తరంగం 324 మీటర్లు. కొండ దానికి లెక్కలోది కాదు, వంగి అవతలికి దిగుతుంది. జిల్లా లోపలి ఊళ్ళలో, సముద్రం మీద పడవల్లో అది పలికేది అందుకే.

కరెంటు పోయి, టవర్లు పడిపోయి, డిష్ విప్పి లోపల పెట్టిన రోజున మిగిలేది ఆ 927 ఒక్కటే. కాబట్టి శాటిలైట్ రేడియోకని పక్కన పెట్టిన డబ్బులోంచి మీడియం వేవ్ ఉన్న చిన్న సెట్ ఒకటి, పెన్సిల్ బ్యాటరీలవి, కొనండి. ఛార్జింగ్‌వి వద్దు. పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు షాపుల్లో దొరుకుతాయి. షాపులో 927 పెట్టగానే గరగరమంటే వెంటనే వద్దనేయకండి, అది నెత్తి మీది ఎల్‌ఈడీ లైట్ల మోత, లేకపోతే పక్కనున్న మొబైల్ ఛార్జర్‌ది. బ్యాటరీలు వేయించి, సెట్టు పట్టుకుని రోడ్డు మీదకి రండి. చేతిలో అడ్డంగా పట్టుకుని మీరే నెమ్మదిగా పావు చుట్టు తిరగండి. మీడియం వేవ్ యాంటెన్నా లోపలుండే కడ్డీ, బయటి తీగ కాదు, దాని పక్క భాగం స్టేషన్ వైపు ఉన్నప్పుడే పలుకుతుంది. ఒక చోట గొంతు స్పష్టంగా వచ్చి, ఇంకో చోట పూర్తిగా అణిగిపోతే ఆ సెట్టు మంచిది. ఎటు తిప్పినా ఒకేలా గొణుగుతుంటే వెనక్కి ఇచ్చేయండి. ఇంటికొచ్చాక బ్యాటరీలు తీసి, సెట్టు పక్కనే విడిగా పెట్టండి. కారిన బ్యాటరీ స్ప్రింగుల్ని తినేస్తుంది.